ఇంట్లో కుక్క ఉన్నప్పుడు ఎలుకల మందా, బోనా?

రాత్రంతా అటక మీద గరగర. పొద్దున లేచి చూస్తే కుక్క కోసం తెచ్చిన తిండి సంచికే కన్నం. ఇక లాభం లేదని దుకాణానికి వెళితే పేస్టు, బిళ్లలు, గింజలు, పొడి అంటూ నాలుగు రకాలు ముందు పెడతారు. "ఇంట్లో కుక్క ఉందండీ, ఏది సేఫ్?" అని అడిగితే "ఇది ఎలుకలకే పనిచేస్తుందండీ, కుక్కకేం కాదు" అనే జవాబు రావచ్చు. నమ్మకండి. దుకాణాల్లో మామూలుగా దొరికే ఎలుకల మందుల్లో కుక్కకు ఏమీ కానిది లేదు. ఎలుక రక్తం ఎలా గడ్డకడుతుందో కుక్క రక్తమూ అలాగే గడ్డకడుతుంది. ఎలుక మెదడును ఉబ్బించే మందు కుక్క మెదడునూ ఉబ్బిస్తుంది. పైగా ఎలుకను ఊరించడానికి ఆ ఎరలో గింజల పిండి, నూనె, తీపి కలుపుతారు. ఆ వాసన కుక్కకూ నోరూరిస్తుంది. మనుషులు మింగకుండా కొన్నింట్లో చేదు కలుపుతారు గానీ, ఆబగా మింగేసే కుక్కను ఆ చేదు ఆపుతుందన్న నమ్మకం లేదు.

ముందు చూసుకోవాల్సినవి

నా లెక్కలో మొదటిది విరుగుడు. కుక్క తినేసిందని తెలిశాక డాక్టర్ చేతిలో నిజంగా పనిచేసే మందు ఏదైనా ఉంటుందా? రెండోది మోతాదు: ప్రాణం మీదికి రావడానికి గుప్పెడు కావాలా, చిటికెడు చాలా?

మూడోది టైమ్. తిన్న ఎంతసేపటికి జబ్బు బయటపడుతుంది? దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు, నిదానంగా పనిచేసే మందు మెత్తనిది అనుకుంటారు. ఆలస్యం వల్ల వైద్యానికి వ్యవధి దొరికే మాట నిజమే. కానీ అదే ఆలస్యం వల్ల మనం ఏమరిపోతాం.

నాలుగోది, మందు తిన్న ఎలుకను కుక్క పట్టి తింటే ఏమవుతుందన్నది. ఐదోది, అసలు ఎలుకలు పోతాయా అన్నది. ఇది మర్చిపోతే మిగతా నాలుగూ ఎంత బాగా చూసుకున్నా దండగే. రెండు నెలలకోసారి మళ్లీ ఎర పెడుతూనే ఉంటారు, పెట్టిన ప్రతిసారీ కుక్కకు గండమే.

రక్తం గడ్డకట్టనివ్వని మందులు

బిళ్లలు, కేకుల రూపంలో అమ్మే వాటిలో ఎక్కువ భాగం ఇవే. ఈ కుటుంబం కథ కుళ్లిన పశుగ్రాసంతో మొదలైంది. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం అందులోని పదార్థాన్ని పట్టుకుంది. ఆ దారిలో పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది. కొన్నేళ్లకు దానికి లొంగని ఎలుకలు తయారయ్యాయి. అప్పుడు ఇంకా ఘాటైన రెండో తరం వచ్చింది: బ్రోడిఫాకౌమ్, బ్రోమాడియోలోన్, డైఫెథియలోన్ వంటివి. వార్ఫరిన్‌ను ఎలుక రోజుల తరబడి తినాలి, వీటిని ఒక్కసారి తింటే చాలు.

పనిచేసే తీరు వీటన్నిటిలో ఒకటే. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన నాలుగు పదార్థాలను లివర్ విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. ఈ మందు ఆ విటమిన్‌ను మళ్లీ వాడుకోనివ్వదు. ఒంట్లో ఉన్న నిల్వను అది ముట్టుకోదు, కొత్త సరుకు రాకుండా చేస్తుంది, అంతే. అందుకే తిన్న రోజు కుక్క తోక ఊపుతూ తిరుగుతుంది. మర్నాడూ అంతే. 3 నుంచి 5 రోజుల్లో నిల్వ అయిపోతుంది, అప్పుడు లోపల రక్తస్రావం మొదలవుతుంది. ముక్కులోంచి రక్తం కారితే ఎవరికైనా తెలుస్తుంది. చాలాసార్లు రక్తం ఛాతీలోకో పొట్టలోకో చేరుతుంది, బయటికి కనిపించేది నీరసం, దగ్గు, ఆయాసం, పాలిపోయిన చిగుళ్లు మాత్రమే. వానకో ఎండకో డీలా పడిందనుకుని ఇంకో రోజు చూస్తాం. ఆ ఒక్క రోజే ప్రాణం తీస్తుంది.

ఇన్ని చెప్పాక కూడా, మందు తప్పనిసరైతే నేను ఒప్పుకునేది ఈ కుటుంబాన్నే. కారణం ఒక్కటే, దీనికి విరుగుడు ఉంది. విటమిన్ కె1. త్వరగా మొదలుపెట్టి పూర్తిగా వాడితే ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి. పాత తరం మందైతే సుమారు 2 వారాలు, బ్రోడిఫాకౌమ్ లాంటిదైతే 4 వారాలు లేదా అంతకు మించి మాత్రలు వేయాలి, ఎందుకంటే రెండో తరం మందులు లివర్‌ను అంటిపెట్టుకుని చాలాకాలం ఉంటాయి. ఎలుక లివర్‌లోనూ అంతే. కాబట్టి మందు తిని మత్తుగా తిరిగే ఎలుకలను వరసగా పట్టి తినే కుక్కకు ముప్పు ఉంది. ఒక్క ఎలుకతో పెద్ద కుక్కకు ప్రాణాపాయం రావడం అరుదు. చిన్న కుక్క విషయంలో, ఎలుకల వేటే పనిగా పెట్టుకున్న కుక్క విషయంలో ఆ ధీమా పనికిరాదు.

ఈ కుటుంబం లోపల కూడా తేడాలు తక్కువేం కాదు. కింది పట్టిక చూడండి. మొదటి రెండూ ఈ కుటుంబానివి, మిగతా మూడూ వేరే రకాలు, వాటి సంగతి తర్వాత చెబుతాను.

| మందు | ఎరలో మామూలుగా ఉండే పాళ్లు | 10 కిలోల కుక్క ప్రాణం మీదికి తేగల ఎర (సుమారు) | లక్షణాలు కనిపించే వేళ | విరుగుడు |
|---|---|---|---|---|
| బ్రోడిఫాకౌమ్ | 0.005% | 50 గ్రాములు | 3–5 రోజులు | విటమిన్ కె1 |
| బ్రోమాడియోలోన్ | 0.005% | ఒకేసారి తింటే 2 కిలోల పైన | 3–5 రోజులు | విటమిన్ కె1 |
| కోలికాల్సిఫెరాల్ | 0.075% | 7 గ్రాములు | 12–36 గంటలు | నేరుగా లేదు, చికిత్స సుదీర్ఘం |
| బ్రోమెథలిన్ | 0.01% | 240 గ్రాములు | 2–24 గంటలు, తక్కువ తింటే కొన్ని రోజులు | లేదు |
| జింక్ ఫాస్ఫైడ్ | 2% | 10 గ్రాములు | పావుగంట నుంచి 4 గంటలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం | లేదు |

ఈ అంకెలు మందుల మధ్య తేడా చూపించడానికే. "మాది 20 కిలోల కుక్క, 30 గ్రాములే తింది, పర్లేదు" అని లెక్కలు కట్టడానికి కాదు. ఇంతకన్నా చాలా తక్కువ తిన్నా జబ్బు పడొచ్చు. కొద్దికొద్దిగా రోజూ తింటే బ్రోమాడియోలోన్ కూడా కిలోల దాకా ఆగదు. కూనలకు, ముసలి కుక్కలకు, లివర్ జబ్బున్న వాటికి ఈ లెక్కలేవీ వర్తించవు. కుక్క ఎంత తిన్నా డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే.

విటమిన్ పేరుతో వచ్చేది

పట్టికలో నన్ను ఎప్పుడూ భయపెట్టే వరుస కోలికాల్సిఫెరాల్. అది విటమిన్ డి3. పెట్టె మీద విటమిన్ అని చూడగానే మనసు కుదుటపడుతుంది, "ఇదేదో నేచురల్ లాగుందే" అనిపిస్తుంది. 7 గ్రాముల ఎర అంటే చెంచాడు. ఒంట్లో కాల్షియం విపరీతంగా పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. మొదట కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఎక్కువసార్లు మూత్రానికి పోతుంది, తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది. అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. రోజుల తరబడి సెలైన్, కాల్షియం తగ్గించే మందులు, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు. ఖర్చు మాట అటుంచి, బతికిన కుక్కకు కూడా కిడ్నీల సమస్య మిగిలిపోవచ్చు. కుక్క ఉన్న ఇంట్లోకి దీన్ని రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

బ్రోమెథలిన్

పేరు చూస్తే బ్రోమాడియోలోన్‌కు తమ్ముడిలా ఉంటుంది, చుట్టరికం ఏమీ లేదు. ఇది నరాల మీద పనిచేస్తుంది. కణాలకు శక్తి అందకుండా చేసి మెదడులో నీరు చేరేలా చేస్తుంది. వణుకు, ఫిట్స్, వెనక కాళ్లు పడిపోవడం దీని లక్షణాలు. విటమిన్ కె ఎంత ఇచ్చినా పని జరగదు. లక్షణాలు రాకముందే వాంతి చేయించి, యాక్టివేటెడ్ చార్‌కోల్ (విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి) పట్టించడమే దారి. రెండు పేర్లు కలగాపులగం చేసుకుని డాక్టర్‌కు తప్పు చెబితే జరిగే నష్టం ఊహించుకోండి.

జింక్ ఫాస్ఫైడ్

నల్లటి లేదా బూడిదరంగు పొడి. పొట్టలోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. వెల్లుల్లి లాంటి, కుళ్లిన చేపల లాంటి వాసన. దీని విషయంలో ఇంట్లోవాళ్లు చేసే తప్పు ఒకటుంది. విషం తిన్నది కదా, విరిగిపోతుందని పాలో తిండో పెడతారు. తిండి పడితే పొట్టలో ఆమ్లం ఊరుతుంది, వాయువు ఇంకా పెరుగుతుంది. కుక్క వాంతి చేసుకుంటే ఆ వాయువు పీల్చి మనుషులూ జబ్బు పడతారు, వైద్యం చేసే డాక్టర్లకూ ఆ ముప్పు తప్పదు. కారులో తీసుకెళ్లేటప్పుడు అద్దాలు దించండి, వాంతి మీదికి వంగకండి. లక్షణాలు ఇంత వేగంగా వచ్చి, విరుగుడు లేని మందును ఇళ్లలో వాడటం నాకు అర్థం కాని విషయం.

ఎర పెట్టె నమ్మొచ్చా?

ఏ మందు పెట్టినా విడిగా మూలన పడేయడం కన్నా తాళం ఉన్న ఎర పెట్టెలో పెట్టడం వెయ్యి రెట్లు నయం. లోపలి ఊచకు గుచ్చే బిళ్లలైతే ఎలుక బయటికి ఈడ్చుకురాలేదు. గింజలు, పొడి, చిన్న పొట్లాలైతే ఎలుకే వాటిని తీసుకొచ్చి సోఫా కింద దాచిపెడుతుంది, తర్వాత కుక్క వెతికి పట్టుకుంటుంది. పెట్టెల్లో నాణ్యత తేడాలున్నాయి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ వీటిని నాలుగు తరగతులుగా విడదీసింది. మొదటిది పిల్లలు, కుక్కలు తెరవలేనిది, వానకూ తట్టుకునేది. రెండోది పిల్లల్నీ కుక్కల్నీ ఆపుతుంది గానీ ఇంటి లోపలికే. మూడోది పిల్లల్ని మాత్రమే ఆపుతుంది. నాలుగోదానికి అలాంటి రక్షణే లేదు. మీరు ఎక్కడున్నా పెట్టె కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే: కుక్క తెరవలేదని దీని మీద రాసుందా? రాసున్నా గోడకో నేలకో బిగించండి. వాటంగా కూర్చుని గంటసేపు నమిలే కుక్క ముందు ప్లాస్టిక్ ఎంతకాలం నిలుస్తుంది?

మందు లేని దారులు

మొట్టమొదట కన్నాలు. చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులోంచి దూరిపోతుంది, పెన్సిల్ పట్టేంత. పెద్ద ఎలుకకు 12 మిల్లీమీటర్లు చాలు. పైపులు గోడలోకి వెళ్లే చోటు, తలుపు కింది సందు, గాలి జాలీలు, ఏసీ వైరు కోసం తొలిచిన రంధ్రం చూసుకోండి. ప్లాస్టిక్, చెక్క, ఫోమ్‌తో మూస్తే కొరికేస్తుంది. దాని ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం దానికి అవసరం కూడా. స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయండి, లేదా రేకు కొట్టండి. విసుగు పుట్టించే పని, ఒక ఆదివారం మొత్తం పోతుంది. అయినా ఈ వ్యాసంలో ఐదో ప్రశ్నకు గట్టిగా "అవును" అనిపించుకునేది ఇదొక్కటే.

తర్వాత తిండి. ఎలుకలను పోషిస్తున్నది చాలా ఇళ్లలో కుక్క గిన్నే. రాత్రంతా నిండుగా వదిలేసిన గిన్నె, మూతి ముడేసి గోడవారన ఆనించిన సంచి, పెరట్లో రాలిన మిగులు. తిన్నాక గిన్నె తీసేయండి, సంచిలోది రేకు డబ్బాలోకి మార్చండి. ఒక పక్క విందు పెడుతూ ఇంకో పక్క విషం పెడితే ఎలుక విందుకే వెళుతుంది.

ఇక స్ప్రింగ్ ట్రాప్. విషం లేదు, చచ్చిన ఎలుక ఎక్కడుందో తెలుస్తుంది, గోడ సందులో కుళ్లి కంపు కొట్టదు. కుక్కకు ముక్కో పంజానో నలిగే ప్రమాదం ఉంది. పెద్ద ఎలుకల ట్రాప్ అయితే చిన్న కుక్క వేలు విరగ్గొట్టగలదు. అందుకే రెండు వైపులా ఎలుక పట్టేంత కన్నం ఉన్న గట్టి పెట్టెలో పెట్టి, కుక్క వెళ్లలేని చోట గోడకు ఆనించండి. ఎలుకలు గోడవెంటే నడుస్తాయి. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం, కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు స్ప్రింగ్ బిగించకుండా ఎర మాత్రం పెట్టి అలవాటు చేయండి. చిట్టెలుకకు ఆ అనుమానం లేదు, కుతూహలమే ఎక్కువ. ఒకటి రెండు పెట్టి ఊరుకోకుండా ఒకేసారి ఎక్కువ పెడితేనే ఫలితం. మూసి ఉన్న డబ్బాలో కరెంటు షాక్‌తో చంపే ట్రాప్‌లూ ఇదే కోవలోకి వస్తాయి, ధర ఎక్కువ.

బోను కుక్కకు దాదాపు హాని లేనిది. మనసు రాని వాళ్లకు మంచిదే. కానీ పట్టిన ఎలుకను ఏం చేస్తారన్నది ముందే తేల్చుకోవాలి, దగ్గర్లో వదిలితే తిరిగొస్తుంది. కుక్క బోను దగ్గర వాసన చూడకుండా చూడండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది కుక్కకూ మనకూ ప్రమాదమే. ఎలుకలున్న ఇంట్లో కుక్కకు ఆ టీకా ఏటా వేయించడం మంచిది.

జిగురు అట్టలు వద్దు. ఎలుక గంటల తరబడి కొట్టుకుని చస్తుంది, కుక్క అంటుకుంటే బొచ్చు వంటనూనెతో నానబెట్టి విడదీయాలి. అల్ట్రాసౌండ్ పరికరాలతో ఎలుకలు త్వరగానే అలవాటు పడిపోతాయి, ఆ శబ్దాల్లో కొన్ని కుక్క చెవికి మాత్రం వినిపిస్తాయి. కలరా ఉండలు పెట్టడం కొందరి అలవాటు. అవి ఎలుకలను ఆపవు, కుక్క మింగితే విషమే.

ఎవరికి ఏది

నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే కూన ఉన్న ఇంట్లో విషం మాట ఎత్తకండి. కన్నాలు మూయండి, పెట్టెలో దాచిన ట్రాప్‌లు పెట్టండి, అంతే.

అద్దె ఇల్లు, గోడలు తొలచడానికి ఓనర్ ఒప్పుకోడు. అప్పుడు తలుపు కింద రబ్బరు పట్టీ, స్టీలు పీచు, ట్రాప్‌లు. అపార్ట్‌మెంట్ అయితే అసలు టెన్షన్ మీరు పెట్టే మందుతో కాదు, మెట్ల కింద ఇంకెవరో పెట్టే మందుతో. ఏం పెట్టారు, ఎక్కడ పెట్టారు అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. వాకింగ్‌లో కుక్కకు తాడు కట్టి పట్టుకోండి.

ధాన్యం నిల్వ, పశువుల కొట్టం, పెద్ద తోట ఉన్నవాళ్లకు ట్రాప్‌లతో సరిపోకపోవచ్చు. వాళ్లకు నేను చెప్పేది: కుక్క తెరవలేని పెట్టె, బిగించిన బిళ్లలు, విటమిన్ కె1 విరుగుడుగా ఉన్న మందు, అందులోనూ బ్రోడిఫాకౌమ్ కాకుండా బ్రోమాడియోలోన్ లేదా పాత తరం మందు. ఎన్ని బిళ్లలు పెట్టారో రాసుకోండి, రోజూ లెక్కపెట్టండి, చచ్చిన ఎలుకలను చేతికి తొడుగేసుకుని తీసి పాతిపెట్టండి. కంపెనీ మనుషులతో చేయిస్తే మందు పేరు, పాళ్లు, పెట్టిన చోట్లు కాగితం మీద రాయించుకున్నాకే పని మొదలుపెట్టనివ్వండి. వేటకుక్క ఉంటే ఆ రోజుల్లో దాన్ని వదలకండి.

తినేసిందని అనుమానం వస్తే

మా ఇంట్లో ఒకసారి స్టోర్‌రూమ్‌లో చిరిగిన పొట్లం దొరికింది. పేరున్న ముక్కే కుక్క నమిలేసింది. డాక్టర్ మొదటి ప్రశ్న "ఏ మందు?", నా దగ్గర జవాబు "ఆకుపచ్చగా ఉంటుందండీ". రంగుతో ఏమీ తెలియదు, ఒకే రంగులో ఒకదానితో ఒకటి సంబంధం లేని మందులు అమ్ముతారు. ఆ పూట పడిన యాతన తర్వాత ఇంట్లోకి వచ్చే ప్రతి మందు లేబుల్‌నూ ఫోన్‌లో ఫొటో తీస్తున్నాను, అసలు పదార్థం పేరు, శాతం కనిపించేలా.

లక్షణాల కోసం ఎదురుచూడకండి. వెంటనే వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేసి మందు పేరు, ఎంత పోయింది, ఎప్పుడు, కుక్క బరువు చెప్పండి. రెండు కుక్కలుంటే రెండింటినీ తీసుకెళ్లండి, తినలేదన్నట్టు మొహం పెట్టేదే తిని ఉండొచ్చు. ఉప్పునీళ్లు తాగించకండి, ఒంట్లో ఉప్పు పెరిగి అదో ప్రాణాపాయం. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. సాధారణంగా తిన్న మొదటి రెండు మూడు గంటల్లోనే దానివల్ల లాభం. వణుకుతున్న కుక్కకు, మగతగా ఉన్న కుక్కకు వాంతి చేయిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రక్తం మీద పనిచేసే మందైతే డాక్టర్ తిన్న 48 నుంచి 72 గంటల మధ్య రక్తం గడ్డకట్టే టైమ్ పరీక్షిస్తారు, లేదా నేరుగా విటమిన్ కె1 మొదలుపెడతారు. ఆ మాత్ర కొవ్వున్న తిండితో ఇస్తే బాగా ఒంటబడుతుంది. కె3 అనే రకం దొరికిందని దాన్ని వేయకండి, దీనికి పనిచేయదు. ఆకుకూరలు పెట్టి సరిపుచ్చుకోవడమూ కుదరదు. వారానికే కుక్క మళ్లీ గంతులేస్తుంది, మాత్రలు ఆపేద్దామనిపిస్తుంది. లివర్‌లో మందు ఇంకా ఉంటుంది కాబట్టి అప్పుడు ఆపితే రక్తస్రావం తిరగబెడుతుంది. కోర్సు పూర్తయ్యాక, చివరి మాత్ర వేసిన 48 నుంచి 72 గంటలకు ఆ రక్తపరీక్షే మరోసారి చేయించాలి. ఫలితం మామూలుగా వచ్చేదాకా పరుగులు, కుస్తీలు లేకుండా కుక్కను కట్టేసే ఉంచండి.